ఆ రాత్రి మెట్ల మీద ఇవాన్ ఏం విన్నాడు?

పోయిన నెల ఈ పేజీలో దోస్తోయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ గురించి రాసి, చదివినవాళ్లు తమ ఇంటి సంగతులతో కలిపి ఏమనిపించిందో రాయమని అడిగాను. నల్లగొండ, పాలమూరు వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. అన్నీ వేసే జాగా లేదు, ఐదింటికి జవాబు రాస్తున్నాను, పేర్లు తీసేశాను. నవల చదవనివాళ్ల కోసం కథ రెండు మాటల్లో: ఫ్యోదర్ పావ్లొవిచ్ ఒక ముసలి భూస్వామి, తాగుబోతు, ఆడవాళ్ల పిచ్చి ఉన్నవాడు. ఇద్దరు భార్యలకు ముగ్గురు కొడుకులు, మీత్యా, ఇవాన్, అల్యోషా. ఇంట్లో వంటచేసే స్మెర్ద్యకోవ్ కూడా ఆయన కొడుకేనని ఊరంతా అనుకుంటారు. ఒక రాత్రి ముసలాయన హత్య జరుగుతుంది. నేరం మీత్యా మీద పడుతుంది.

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు: అక్కా, నాకు 38 ఏళ్లు, ప్రైవేట్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మా అమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండెకరాలను మా నాయిన అమ్మేశాడు. తాగుడుకెంత పోయిందో, పేకాటకెంత పోయిందో లెక్క లేదు. అమ్మ పోయాక నన్నూ అన్ననూ మేనమామ సాకాడు. ఇప్పుడు నాయినకు 72. పెద్దమనుషులు కూర్చోబెట్టి వంతు వేశారు, ఒక నెల అన్న దగ్గర, ఒక నెల నా దగ్గర. ఒకటో తారీఖు వచ్చిందంటే రేకు పెట్టె, కంబళి పట్టుకుని బస్సెక్కుతాడు. ఈ నెల అన్న తలుపు తీయలేదు, మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. ‘మనల్ని ఆయన పెంచిండా? ఏం చూసి నాయినా అని పిలవాలె?’ అంటాడు అన్న. నవలలో కోర్టులో వకీలు అన్నదీ ఇదే, నాకూ అది న్యాయమే అనిపించింది. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్లు పక్కగదిలో నాయిన దగ్గుతుంటాడు. ఒక్కోసారి ఆ దగ్గు ఆగిపోతుంది. అప్పుడు లేచి, తలుపు దగ్గర నిలబడి చెవి పెట్టి వింటాను. ఎందుకు వింటున్నానో నాకే తెలియదు. నేను చెడ్డవాణ్నా?

తమ్ముడూ, మీ ఉత్తరంలో చివరి నాలుగు లైన్లు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ముందు వకీలు సంగతి చెప్పి అక్కడికి వస్తాను.

ఫెత్యుకోవిచ్ అనే ఆ వకీలు పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన పెద్ద పేరున్న మనిషి. కన్నంత మాత్రాన తండ్రి అయిపోడు, కని, ఆ పేరుకు తగ్గట్టు నడుచుకున్నవాడే తండ్రి అంటాడు. కొడుకు తండ్రికి ఎదురుగా నిలబడి ‘నిన్ను నేనెందుకు ప్రేమించాలి’ అని అడగవచ్చు, తండ్రి దగ్గర జవాబు లేకపోతే ఆ బంధం అక్కడితో సరి అంటాడు. కోర్టులో చప్పట్లు మోగిపోతాయి. అందులో నిజం ఉంది, మీ అన్న కోపంలోనూ నిజం ఉంది. మీత్యాకు మూడేళ్లప్పుడు తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోతే తండ్రి వాణ్ని ఏడిపించలేదు, కొట్టలేదు, అసలు ఒక పిల్లవాడున్నాడన్న సంగతే మర్చిపోయాడు. నౌకరు గ్రిగోరీ తన గుడిసెలో పెట్టుకోకపోతే చొక్కా మార్చే దిక్కు కూడా లేదు. అదే విచారణలో ఊరి ముసలి డాక్టరు సాక్ష్యం చెప్తాడు. ఒకప్పుడు పెరట్లో చెప్పుల్లేకుండా, ఒకే గుండీ మీద వేలాడే లాగుతో తిరిగే పిల్లవాణ్ని చూసి, వీడికి ఎవరూ ఏమీ కొనిపెట్టినట్టు లేరే అనుకుని ఒక పౌను గింజలు కొనిచ్చాడట, మనం పిల్లలకు పల్లీలు కొనిపెట్టినట్టు. 23 ఏళ్ల తర్వాత ఆ పిల్లవాడు పెద్దవాడై వచ్చి, ఆ గింజలకు దండం చెప్పుకుని పోయాడట. నవలలో అన్ని పేజీలు ఉన్నాయి కానీ నాకు మీత్యా అంటే ముందు ఆ గింజలే గుర్తొస్తాయి. మీ మేనమామ ఇంట్లో మీకూ అలాంటి పొట్లం ఒకటి గుర్తుండే ఉంటుంది.

అయితే వకీలు ఎక్కడ చెడగొట్టాడో చూడండి. మీత్యా తండ్రిని చంపలేదు. వకీలుకు ఆ సంగతి మనసులో నమ్మకం లేదు. చంపలేదని కొంతసేపు వాదించి, ఒకవేళ చంపినా ఇలాంటి తండ్రిని చంపితే అది తండ్రిని చంపినట్టు కాదు అని మొదలుపెట్టాడు. నిర్దోషిని కాపాడాల్సిన నోరే అతను చంపాడని ఒప్పుకున్నట్టయింది. జ్యూరీలో నలుగురు చిన్న ఉద్యోగులు, ఇద్దరు వ్యాపారులు, మిగతా ఆరుగురు రైతులు, చేతిపనివాళ్లు. దోషి అని తేల్చారు. ఇది ఊరికే ఊహించి రాసింది కూడా కాదు. దోస్తోయెవ్‌స్కీ 1850 నుంచి 1854 దాకా సైబీరియాలో ఓమ్‌స్క్ జైల్లో ఉన్నప్పుడు, తండ్రిని చంపాడని శిక్షపడ్డ ఒక కుర్రవాడు అక్కడ ఉండేవాడు. చంపింది అతను కాదని చాలా ఏళ్లకు తేలింది. ఆ ముఖాన్ని పాతికేళ్లు మనసులో మోసి, 1879, 80ల్లో ఈ నవలగా రాశాడు.

మీ నాయిన తండ్రి అనే మాటకు తగినవాడా కాదా అనేది తేలకపోయినా, ఒకటో తారీఖు పొద్దున రేకు పెట్టెతో గడప ముందు నిలబడ్డ మనిషిని ఏం చేయాలన్నది మీరు ఆరోజే తేల్చుకోవాలి. రెండూ కలపకండి. మన దేశంలో 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ప్రేమ సంగతి ఎత్తదు, తిండి, బట్ట, మందుల సంగతే అడుగుతుంది. మీ నాయిన ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెడితే మీ అన్ననూ పిలుస్తారు. అంతదాకా పోకుండా, తలుపు తీయనంటే తీయకు, నెలకు ఇంత అని పంపు అని అన్నతో మాట్లాడుకోండి. చాలా ఇళ్లలో ఇది కుదురుతుంది, ముఖం చూడటం కంటే డబ్బు పంపడం కొందరికి సులువు. ‘క్షమించు’ అని మాత్రం అన్నను అడగొద్దు, మీరూ తొందరపడొద్దు. ఆ రెండెకరాలు మీ అమ్మవి. ఆమె పడ్డదానికి ఆమె తరఫున క్షమించే హక్కు మీకెక్కడిది? బిడ్డ పడ్డ హింసను తల్లి కూడా క్షమించడానికి వీల్లేదు, తన బాధ వరకు ఆమె క్షమించుకోవచ్చు అని ఇవాన్ అంటాడే, ఆ మాట దగ్గర నేను ఇవాన్ పక్షమే.

ఇప్పుడు దగ్గు సంగతి. హత్యకు ముందు రాత్రి ఇవాన్‌కు నిద్ర పట్టదు. తెల్లారితే మాస్కో ప్రయాణం. తాను ఊళ్లో లేకపోతే ఇంట్లో ఏదో జరగబోతోందని స్మెర్ద్యకోవ్ మాటల్లో అతనికి అర్థమైంది, అర్థం కానట్టు ఉండిపోయాడు. రాత్రి సోఫా మీద నుంచి లేచి, దొంగలా తలుపు తీసి, మెట్ల దగ్గరికి వచ్చి, కింద తండ్రి అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వింటాడు. ఒక్కోసారి ఐదు నిమిషాల దాకా, ఊపిరి బిగబట్టి, గుండె దడదడలాడుతుండగా. ఆ క్షణంలో ద్వేషం కూడా లేదంటాడు రచయిత, అదేదో కుతూహలం. పొద్దున బండెక్కి వెళ్లిపోయాడు. చేత్తో ఏమీ చేయలేదు. అయినా తన బతుకులో అంతకంటే నీచమైన పని చేయలేదని ఇవాన్ తర్వాత అనుకుంటూనే ఉంటాడు, చివరకు మతి చెడుతుంది. మీత్యా దీనికి పూర్తి తేడా. పట్టుకున్న రాత్రే అందరి ముందూ అరిచి చెప్తాడు, నాన్నను చంపింది నేను కాదు, కానీ చంపాలనుకున్నాను, అది నా తప్పే అని. ఇద్దరి మనసుల్లోనూ ఉన్నది ఒకటే. ఒకడు బయటికి చెప్పాడు, ఒకడు తనకు తానే దాచుకున్నాడు.

మీరు నాకు రాశారు. మీరు మెట్ల మీద ఇవాన్ కారు. తలుపు దగ్గర నిలబడ్డప్పుడు పోతాడేమో అన్న భయం ఉందా, పోతే బాగుండు అన్న ఆశ ఉందా అని మిమ్మల్ని మీరు తవ్వుకుంటున్నట్టున్నారు. రెండూ ఉండొచ్చు తమ్ముడూ. మా నాన్న ఎనిమిది నెలలు మంచాన ఉన్నప్పుడు ఆ రెండూ నాకు ఒకే రాత్రి వచ్చాయి, ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. ఒక్క పని చేయండి. ఈసారి దగ్గు ఆగిందని లేస్తే తలుపు దగ్గర నిలబడకండి. లోపలికి వెళ్లి, మంచం పక్కన చెంబులో నీళ్లున్నాయో లేదో చూసి, కంబళి జారితే సర్ది రండి. మాట్లాడనక్కర్లేదు. ప్రేమ పుట్టాలని ఎదురు చూడనక్కర్లేదు. ఇది ఆయన కోసమని కూడా అనుకోవద్దు.

మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: అక్కా, మా అన్న రెండేళ్ల కింద బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. అప్పటి నుంచి నాకు దేవుడంటే నమ్మకం పోయింది. అమ్మకేమో ఇంకా ఎక్కువైంది, దీపావళి అయిపోగానే కురుమూర్తి జాతరకు బయల్దేరుతుంది, నన్ను రమ్మంటుంది, నేను రానంటాను, ఇద్దరం ఏడుస్తాం. పసిపిల్లలు పడే బాధ గురించి ఇవాన్ అల్యోషాతో మాట్లాడే అధ్యాయం నా మనసులో మాటే. దోస్తోయెవ్‌స్కీ దేవుణ్ని నమ్మినవాడు కదా, మరి ఇవాన్‌కు జవాబు ఎందుకు చెప్పలేదు?

అమ్మా, నమ్మినవాడే. అయితే ఎలా నమ్మాడో చూడండి. 1854లో జైలు నుంచి బయటపడ్డ కొత్తలో ఒక ఆమెకు రాసిన ఉత్తరంలో, నేను ఈ కాలపు బిడ్డను, అపనమ్మకానికీ అనుమానానికీ పుట్టిన బిడ్డను, శవపేటిక మూత పడేదాకా అలాగే ఉంటాను అన్నాడు. 1878 మే నెలలో ఆయన చిన్నకొడుకు మూర్ఛ వచ్చి పోయాడు, ఇంకా మూడేళ్లు నిండలేదు. బిడ్డ పేరు అల్యోషా. ఆ మూర్ఛ తండ్రి నుంచి వచ్చిందే. ఇది తెలిశాక నవలలో అల్యోషా అన్న పేరు వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. భార్య ఆయన్ను ఒంటరిగా వదలడానికి భయపడి, ఒక కుర్ర స్నేహితుణ్ని తోడిచ్చి ఆప్తినా మఠానికి పంపింది. అక్కడ అమ్‌వ్రోసీ అనే పెద్దాయనతో మాట్లాడి వచ్చాడు. నవలలో అల్యోషాకు గురువైన జొసీమా అనే సాధువు దగ్గరికి ఒక పల్లెటూరి తల్లి వస్తుంది. ఆమె బిడ్డకూ మూడేళ్లు నిండడానికి మూడు నెలలు తక్కువ, పేరు కూడా అల్యోషానే అంటే అలెక్సేయ్. వాడి చిన్న చొక్కా, బూట్లు ముందు పరుచుకుని ఏడుస్తానంటుంది, ఒక్కసారి వాడి అడుగుల చప్పుడు వినబడితే చాలంటుంది, రొమ్ములో దాచుకున్న వాడి నడికట్టు తీసి చూపిస్తుంది.

జొసీమా మొదట అందరూ చెప్పేదే చెప్తాడు, నీ బిడ్డ దేవుడి దగ్గర దేవదూతల్లో ఉన్నాడని. ఆమె అంటుంది, మా ఆయనా అదే చెప్తాడు, చెప్తూ ఆయనా ఏడుస్తాడు అని. అప్పుడాయన మాట తీరు మారుతుంది. ఊరడిల్లవద్దు, ఏడువు, కానీ ఏడ్చినప్పుడల్లా నీ బిడ్డ దేవదూతల్లో ఒకడని తలుచుకో అంటాడు. నీ మొగుడి దగ్గరికి వెళ్లు అంటాడు. అంతే. ఇందులో వాదం ఎక్కడా లేదు.

ఇవాన్ మాటలకు జవాబు లేదని మీరన్నది నిజం. జనరల్ కుక్క కాలికి రాయి తగిలించాడని ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని తల్లి కళ్ల ముందే వేటకుక్కలతో చీల్పించిన సంగతి చెప్పి, ఆ జనరల్‌ను ఏం చేయాలి అని ఇవాన్ అడిగితే, సాధువు బట్టలేసుకున్న అల్యోషా మెల్లగా ‘కాల్చి పారేయాలి’ అంటాడు. ఒక్క పసిబిడ్డ కన్నీటి మీద లోకానికంతా సుఖం కట్టిస్తానంటే నువ్వు ఒప్పుకుంటావా అంటే, ‘ఒప్పుకోను’ అంటాడు. అల్యోషాకే చేతకాని జవాబు మీ అమ్మను అడగొద్దు, ఆమె కురుమూర్తికి వెళ్లేది ఇవాన్‌ను ఓడించడానికి కాదు. ఈ భాగం అచ్చయ్యాక దోస్తోయెవ్‌స్కీ, తర్వాత వచ్చే జొసీమా భాగం దీనికి సరిపడా జవాబు అవుతుందా అని భయపడుతూ ఉత్తరాలు రాశాడు. రాసినవాడికే టెన్షన్ ఉందంటే మీకు తేలకపోవడంలో తప్పేముంది? అల్యోషా నమ్మకం కూడా వాదాల వల్ల కదల్లేదు. జొసీమా చనిపోయాక శవం తొందరగా వాసన కొట్టింది, పుణ్యాత్ముడి శవం వాసన రాదని అనుకున్న జనమంతా నవ్వారు, అక్కడ కదిలింది. చెడ్డదని ఊరంతా చెప్పుకునే గ్రూషెన్కా, జొసీమా పోయాడని తెలియగానే దిగ్గున లేచి, శిలువ గుర్తు వేసుకుని అల్యోషా మీద జాలిపడింది. అక్కడ తిరిగి నిలబడ్డాడు.

ఈసారి జాతరకు వెళ్లండి. మొక్కకండి, మొక్కినట్టు నటించడం అసలే వద్దు. గుట్ట ఎక్కేటప్పుడు ఆమె సంచి మీరు పట్టుకోండి. పైన ఆమె దండం పెట్టుకుంటుంటే పక్కన నిలబడండి. అక్కడ మీ ఇద్దరికీ గుర్తొచ్చేది ఒక్కడే కదా.

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు: ‘అన్నా కరేనినా’ చదివి టాల్‌స్టాయ్ మీద నాకు చాలా కోపం వచ్చింది. మొగుణ్ని వదిలి వెళ్లినందుకు ఆడదాన్ని రైలు కింద పడేసి, నవల మొదట్లో ‘పగ తీర్చుట నా పని, నేనే ప్రతిఫలము నిత్తును’ అనే బైబిల్ వాక్యం పెట్టడం ఏం న్యాయం?

నాకూ మొదటిసారి ఇదే కోపం వచ్చింది, పుస్తకం మూసి పక్కన పెట్టాను కూడా. తర్వాత మొదటి పేజీలు మళ్లీ చదవండి. నవల మొదలయ్యేది అన్నా తప్పుతో కాదు, ఆమె అన్న స్తీవా తప్పుతో. పిల్లల దగ్గర పనిచేసిన ఫ్రెంచి ఆమెతో అతని సంబంధం పెళ్లాం డాలీకి తెలిసిపోతుంది, ఇల్లంతా కొల్లేరు. ఆ కాపురం చక్కదిద్దడానికి రైల్లో వచ్చేది ఎవరు? అన్నాయే. స్తీవా ఎనిమిది భాగాల నవల అంతటా అదే పని చేస్తూ, విందులు తింటూ, మంచి ఉద్యోగం కోసం తిరుగుతూ ఉంటాడు, ఎవరూ వేలెత్తి చూపరు. అన్నా ఒక్కసారి థియేటర్‌కు పోతే పక్క బాక్సులో కూర్చున్నావిడ లేచి అవమానించి పోతుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి రెండు కొలతలు పెట్టిన జనాన్ని టాల్‌స్టాయ్ అంత స్పష్టంగా చూపించాక, ఆ వాక్యం అన్నాను బెదిరించడానికి పెట్టాడని నేననుకోను. తీర్పు చెప్పడం దేవుడి పని, థియేటర్లో కూర్చున్న మీ పని కాదు అని నాకు వినబడుతుంది. అందరూ ఇలాగే చదవరు, అదీ చెప్తున్నాను. కానీ మన దగ్గర పంచాయతీల్లో కొడుకు తప్పుకు ‘మగపిల్లాడు’ అనేసి, బిడ్డ తప్పుకు ఇల్లు మూయించే మనుషులను చూసినదాన్ని నేను, నాకు అలాగే చదవబుద్ధవుతుంది.

వనపర్తి నుంచి ఒక పాఠకుడు: పేర్లు గుర్తుండక వంద పేజీల దగ్గర వదిలేశాను, ఏం చేయాలి?

అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకోండి. ద్మీత్రీ, మీత్యా, మీతెన్కా ముగ్గురూ ఒకడే. ఫ్యోదరొవిచ్ అంటే ఫ్యోదర్ కొడుకని. బళ్లో వెంకటేశ్వర్లు, ఇంట్లో వెంకన్న, అవ్వ నోట్లో ఎంకడు అయినట్టే. ఈ ఒక్కటి పట్టుబడితే ఇంకో వంద పేజీలు వాటంతటవే సాగుతాయి.

సూర్యాపేట నుంచి ఒక రిటైర్డ్ టీచర్: తండ్రి హత్య, కోర్టు, శిక్ష, అంతా అయ్యాక చివరి అధ్యాయం ఒక పిల్లవాడి అంత్యక్రియల మీద ఎందుకు ముగించాడు? నాకు అతికించినట్టనిపించింది.

సార్, నాకు ఆ అధ్యాయం లేకపోతే నవలే లేదు. ఆ పిల్లవాడు ఇల్యూషా, తండ్రి స్నెగిర్యోవ్ ఉద్యోగం పోయిన కెప్టెన్, తాగుతాడు, నలుగురిలో నవ్వులపాలవుతాడు. మీత్యా ఒకరోజు సారాకొట్టు దగ్గర అతని గడ్డం పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. ఇల్యూషా ఆ చేయి పట్టుకుని, మా నాన్నను వదిలెయ్యి అని బతిమాలి ఆ చేతిని ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత బళ్లో పిల్లలు ఆ గడ్డం సంగతి ఎత్తి ఏడిపిస్తే, ఒక్కడే అందరితో రాళ్లతో కొట్లాడాడు. చూడండి, ఇక్కడా తాగుబోతు తండ్రే, చేతిలో పైసా లేనివాడే. కానీ సాయంత్రం కొడుకు చెయ్యి పట్టుకుని ఊరి బయట పెద్ద రాయి దాకా నడిపించుకుని పోయేవాడు. ఇటు ఫ్యోదర్ పావ్లొవిచ్‌కు ఇల్లుంది, డబ్బుంది, కవరులో మూడు వేల రూబుళ్లు దాచిపెట్టాడు, కొడుకు చెయ్యి పట్టుకున్న సందర్భం మాత్రం నాకు ఒక్కటీ కనబడదు.

మన దగ్గర పోయినవాళ్ల కోసం పిట్టకు పెడతాం కదా సార్, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎండలో నిలబడి చూస్తాం. ఇల్యూషా చనిపోయే ముందు తండ్రిని అడుగుతాడు, నన్ను పూడ్చాక పైన రొట్టెముక్క నలిపి చల్లు నాన్నా, పిచ్చుకలు వాలితే ఆ చప్పుడు విని నేను ఒంటరిగా లేనని సంబరపడతాను అని. మన పిట్టముట్టుడు వేరు, ఇది వేరు, అయినా ఇది చదివినప్పుడు మా ఊరి చెరువు కట్ట మీద విస్తరి ముందు నిలబడ్డ రోజు నాకు గుర్తొచ్చింది. స్నెగిర్యోవ్ ఆ రొట్టె మర్చిపోలేదు కదా అని దారి పొడుగునా జేబు తడుముకుంటాడు. మట్టి పోశాక ముక్కలు చల్లుతూ, రండి పిట్టలూ, వాలండి పిచ్చుకలూ అంటాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఇంటికి పరుగెత్తుతాడు. ఇల్లు సర్దిన ఆవిడ ఇల్యూషా పాత బూట్లను మంచం దగ్గర జతగా పెట్టి ఉంచింది, అతుకులు పడ్డవి, ఎండి బిరుసెక్కినవి. వాటిని చూసి మోకాళ్ల మీద పడి, ఒక బూటు పట్టుకుని ముద్దు పెడుతూ, ‘ఇల్యూషా, నాన్నా, నీ కాళ్లేవిరా’ అని ఏడుస్తాడు.